విప్పి చూద్దాం: ఎర్రగడ్డలో దొరికిన వాక్యూమ్ క్లీనర్

ఈ నెల మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు పక్కకు పోయాయి, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత వాక్యూమ్ క్లీనర్ల గురించే. పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి దిగినవి కొన్ని, సంతలో ముచ్చటపడి కొన్నవి కొన్ని. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదయింది. మిగతావాళ్ల ప్రశ్నల్లో చాలావాటికి సమాధానం అందులోనే ఉంది కాబట్టి అందరూ చదవండి.

ప్రశ్న: ఎర్రగడ్డ సండే మార్కెట్లో 700 రూపాయలకు పాత వాక్యూమ్ క్లీనర్ కొన్నాను. డ్రమ్ములా గుండ్రంగా ఉంటుంది, రేకు బాడీ, కింద చక్రాలు. కంపెనీ పేరున్న రేకు ఊడిపోయింది. అమ్మినాయన అక్కడే ప్లగ్గు పెట్టి తిప్పి చూపించాడు, కూత బానే వచ్చింది. ఇంట్లో పెడితే కాలిన వాసన, వెనక జాలీలోంచి నిప్పురవ్వలు, బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది. పీల్చడం అసలు లేదు, పేపరు ముక్క కూడా లేవట్లేదు. పైపు తీసేసి మిషన్ మూతికి అరచెయ్యి అడ్డం పెడితే మాత్రం కూత బాగా పెరుగుతోంది, మోటారు కష్టపడుతోందేమోనని భయమేసి తీసేశాను. పైపు తగిలించి చివర మూస్తే ఏ తేడా లేదు. తెలిసిన మెకానిక్ రీవైండింగ్ అంటున్నాడు. చేయించాలా, పారేయాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ముందు ప్లగ్గు పీకేయండి. జివ్వుమనే వస్తువును "ఇంకొక్కసారి చూద్దాం" అని పెట్టకూడదు, చెప్పులేసుకుని ముట్టుకుంటే ఫర్వాలేదు అనే లెక్కలు అసలే వద్దు.

రీవైండింగ్ మాట ఇప్పుడే ఎత్తకండి. మీ మోటారు చాలావరకు బాగానే ఉందని మీరే రాశారు, గమనించలేదంతే. మూతికి చెయ్యి అడ్డం పెడితే కూత పెరగడం మోటారు కష్టపడి కాదు, అది సుఖపడుతోంది. లోపలి ఫ్యాను పని గాలిని తోయడం. గాలి రావడం ఆగిపోతే తోయడానికి ఏమీ ఉండదు, లోడు తగ్గి మోటారు ఇంకా వేగంగా తిరుగుతుంది, లాగే కరెంటు కూడా తగ్గుతుంది. (అలాగని పది నిమిషాలు మూసి ఉంచకండి, ఈ రకం మిషన్లలో మోటారును చల్లబరిచేది కూడా ఆ గాలే.) అంటే ఫ్యాను గాలి లాగుతోంది. పైపు తగిలించి చివర మూసినప్పుడు తేడా రాలేదంటే, గాలి పైపు చివరనుంచి కాకుండా మధ్యలో ఎక్కడినుంచో వస్తోంది. పైపు చిరిగింది, లేదా మూతి దగ్గర పట్టు వదిలింది. పైపులో ఏదైనా అడ్డుపడి ఉంటే కూత మొదటినుంచే సన్నగా, ఎక్కువగా ఉండేది.

మన దగ్గర దొరికే పాత వాక్యూమ్ క్లీనర్లలో మోటారు వయసు వేరు, రబ్బరు వయసు వేరు. 1982లో స్వీడన్ ఎలక్ట్రోలక్స్‌తో కలిసి యురేకా ఫోర్బ్స్ మొదలయ్యాక, టై కట్టుకున్న కుర్రాళ్లు ఇంటింటికీ వచ్చి మన పరుపు మీదే తిప్పి, అందులోంచి వచ్చిన దుమ్ము మనకే చూపించి, పక్కింటివాళ్ల ముందు సిగ్గుపడేలా చేసి అమ్మిన వస్తువు ఇది. కొన్నవాళ్లు నెల రోజులు ఉత్సాహంగా తిప్పారు, ఆ తర్వాత గచ్చు నేలకి చీపురు చాల్లే అనిపించి డబ్బాలో పెట్టి అటక ఎక్కించారు. అందుకే ముప్ఫయ్యేళ్ల మిషన్లో కూడా మోటారు ముప్ఫై గంటలు తిరిగి ఉండకపోవచ్చు. కానీ రబ్బరు, వైరు, స్పాంజి, గ్రీజు మన ఎండలకి అటక మీద కూర్చునే ముసలివైపోతాయి. కాబట్టి రిపేరు మోటారు దగ్గర మొదలుపెట్టకండి. వైరుతో మొదలుపెట్టి, గాలి దారి సరిచేసి, మోటారు దగ్గరికి చివర్లో రండి.

వైరును ప్లగ్గు దగ్గర, మిషన్లోకి దూరే చోట వంచి చూడండి. గట్టిపడి పగుళ్లు కనిపిస్తే టేపు చుట్టడం కాదు, మొత్తం మార్చాలి. 1000 వాట్ల మిషన్ 230 వోల్టుల దగ్గర లాగేది నాలుగున్నర ఆంపియర్ల లోపే, కాబట్టి 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు హాయిగా సరిపోతుంది. బాడీ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్, రెండు తీగల వైరు చాలు. మీది రేకు బాడీ, గుర్తున్న రేకే ఊడిపోయింది అంటున్నారు కాబట్టి మూడు తీగల వైరు వేసి, ఎర్తు తీగను బాడీకి పెయింటు గీకి స్క్రూతో బిగించి, త్రీ పిన్ ప్లగ్గు పెట్టండి. గోడలోని సాకెట్టుకి నిజంగా ఎర్తు ఉందో లేదో కూడా చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం చాలాసార్లు ఉత్త అలంకారమే.

ఆ జివ్వుమనడానికి ఇంకో అనుమానితుడు ఉన్నాడు. మోటారు పక్కన బిళ్లలాగో చిన్న గొట్టంలాగో ఒక కెపాసిటర్ ఉంటుంది, ఇది తిరుగుతుంటే రేడియోలో గరగర రాకుండా పెట్టింది. పాతబడితే అది లీకయి కరెంటును బాడీకి అందిస్తుంది, ఒక్కోసారి పగిలి పొగ కక్కుతుంది. మీకొచ్చే కాలిన వాసన దానిదీ కావచ్చు. చూడ్డానికి బాగున్నా మార్చేయండి, ఖరీదు చాలా తక్కువ. రెండు కరెంటు తీగల మధ్య ఉండేదానికి ఎక్స్2 రకం, తీగకీ బాడీకీ మధ్య ఉండేదానికి వై2 రకం అని అడిగి తీసుకోండి. ఫ్యాను కెపాసిటర్ తెచ్చి పెట్టకండి.

ఇప్పుడు విప్పండి. డాబా మీదో పెరట్లోనో, మూతికి మాస్క్ కట్టుకుని. నేను మొదటిసారి హాల్లో విప్పాను, లోపల ఎవరో ఎన్నో ఏళ్లుగా పీల్చిన ముగ్గుపిండీ విభూదీ పసుపూ కలిసి ఒక్కసారిగా లేచాయి, ఆ రోజు ఇంట్లో నేను తిన్న తిట్లకి లెక్కలేదు. ప్రతి స్క్రూ తీసేముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకోండి. బొద్దింక గుడ్లు, బల్లి గుడ్లు ఉంటాయి, అదిరిపోకండి.

గాలి దారి దగ్గర పని ఎక్కువ, ఖర్చు తక్కువ. పైపులో ఒకవైపు గోలీ వేయండి, రెండోవైపు బయటికి రావాలి. ఆగితే ఆ చోటే అడ్డం. చిరుగు కనిపించకపోతే అగరుబత్తి వెలిగించండి. మిషన్‌కి కరెంటు భయం తీరాక, అంటే పైన చెప్పిన పనులూ కింద చెప్పే పరీక్షలూ అయ్యాక, పైపు చివర మూసి నడుపుతూ పొగను పైపు పొడవునా, మూత చుట్టూ, మూతి చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ చటుక్కున లోపలికి లాగితే అక్కడ కన్నం. నిప్పు లోపలికి పోతే సంచి అంటుకుంటుంది, నాలుగు వేళ్ల దూరం ఉంచండి. చిరుగు చివరి జానెడులో ఉంటే అంతమేరా కోసేసి మూతి మళ్లీ బిగిస్తే సరి, మధ్యలో ఉంటే కొత్త పైపే. మూత కింద రబ్బరు రింగు ఎండి బిస్కెట్టులా విరిగిపోతుంటుంది. ఆ సైజుది దొరక్కపోతే తలుపులకి అంటించే స్పాంజి పట్టీ, అదీ కుదరకపోతే సైకిల్ ట్యూబు సన్నగా కోసి అంటించండి. నా దగ్గర ఒక మిషన్ సైకిల్ ట్యూబుతోనే నడుస్తోంది, దానికేం నామోషీ లేదు.

సంచి చిరిగి ఉంటే ఆ మిషన్ని ఒక్క నిమిషం కూడా నడపకండి. ఈ రకం పొడి మిషన్లలో సంచి దాటిన గాలి నేరుగా మోటారులోంచే పోతుంది, సంచిలో కన్నం అంటే మోటారు నోట్లో మట్టి కొట్టడమే. దర్జీ దగ్గర కొత్తది కుట్టించవచ్చు. దగ్గర నేత ఉన్న డ్రిల్లు బట్ట తీసుకోండి. మల్లు గుడ్డలోంచి దుమ్ము దాటిపోతుంది, టెంటు కాన్వాసులోంచి గాలే దాటదు. కుట్టు మీద కుట్టు వేయమనండి.

ఇక నిప్పురవ్వలు. మీ మిక్సీలో ఉండే రకం మోటారే ఇందులోనూ, తిరిగేది ఆర్మేచర్, అంటే తీగ చుట్టిన ఇరుసు. దాని కొసన రాగి ముక్కలతో చేసిన ఉంగరం కమ్యుటేటర్, కరెంటు అందించే కార్బన్లు కదలకుండా దాన్ని రాసుకుంటూ ఉంటాయి. కార్బన్ల దగ్గర చిన్న నీలం మెరుపు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు ఉంగరంలా తిరుగుతుంటే అది చెడ్డ వార్త, ఆర్మేచర్లో షార్టు ఉండొచ్చు. కార్బన్లు తీసి చూడండి, అర సెంటీమీటరుకి వచ్చేశాయంటే మార్చాలి. పాతవి చేత్తో పట్టుకుని షాపుకెళ్లండి. సరిగ్గా అదే కొలత లేకపోతే కాస్త పెద్దది కొని ఉప్పు కాగితం మీద రాసి సరిచేసుకోవచ్చు, కానీ గూట్లో బిగుసుకోకుండా స్ప్రింగు తోస్తే జారాలి. కమ్యుటేటర్ రాగి నల్లబడి ఉంటే జీరో సాండ్ పేపర్‌తో, చేత్తో తిప్పుతూ తేలిగ్గా తుడవండి. ఎమరీ పేపర్ వద్దు, దాని పొడి రాగి ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కుని కరెంటు దాటిస్తుంది. ఆ సందుల్ని పళ్లపుల్లతో శుభ్రం చేయండి. తర్వాత ఇరుసును చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగు పోయినట్టు. పక్కన నంబరు చెక్కి ఉంటుంది, చాలా మోటార్లలో 608 ఉంటుంది (8 మిల్లీమీటర్ల ఇరుసు, 22 వెడల్పు, 7 మందం), అయినా మీదాని మీద ఏముందో అదే కొనండి. రాణిగంజ్‌లో బేరింగుల షాపుల్లో నంబరు చెబితే ఇచ్చేస్తారు. దయచేసి కొబ్బరి నూనె పోయకండి. ఆ పాపం చేసిన మిషన్లు చాలా చూశాను, నూనె బంకలా మారి దుమ్మును పట్టుకుని ఇరుసునే బిగించేస్తుంది.

అన్నీ బిగించాక నేరుగా ప్లగ్గు పెట్టొద్దు. వైండింగ్ షాపులో 500 వోల్టుల మెగ్గర్ (కరెంటు బాడీకి లీకవుతోందేమో కొలిచే మీటరు) ఉంటుంది, ప్లగ్గు కరెంటు పిన్నులకీ బాడీకీ మధ్య కొలిపించండి, మిషన్ స్విచ్ ఆన్‌లో ఉంచి కొలవాలి, లేకపోతే మోటారు లెక్కలోకే రాదు. 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే ఇంటికి తేవద్దు. బాగున్న మిషన్‌కి దానికి ఎన్నో రెట్లు వస్తుంది. ఆ తర్వాత సిరీస్ బోర్డు మీద, అంటే ఒక బల్బులోంచి పోయిన కరెంటే మిషన్‌కి అందే బోర్డు మీద పెట్టండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు బాగా వెలిగి, మోటారు తిరగడం మొదలయ్యాక కొంచెం తగ్గితే సంతోషం. నిండుగా వెలిగి మోటారు కదలకపోతే షార్టో, ఎక్కడో బిగుసుకోవడమో. బల్బే వెలక్కపోతే కార్బనో స్విచ్చో అందట్లేదు. ఆ బల్బు మీదే ఒక పావుగంట నెమ్మదిగా తిరగనిస్తే కొత్త కార్బన్లు కూడా వంపుకి సర్దుకుంటాయి.

ఇదంతా చేసినా నిప్పు ఉంగరం కనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం రీవైండింగ్ గురించి.

ప్రశ్న: మా ఊళ్లో వైండింగ్ షాపాయన బోరు మోటార్లు బాగా చుడతాడు. వాక్యూమ్ క్లీనర్ ఆర్మేచర్ ఆయనకి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఫీల్డు కాయిల్ (మోటారులో కదలకుండా ఉండే తీగచుట్ట) అయితే ఇవ్వండి. ఆర్మేచర్ ఇవ్వకండి. బోరు మోటారు నిమిషానికి మూడు వేల చుట్ల లోపు తిరుగుతుంది, ఇది ఇరవై వేలు, అంతకన్నా ఎక్కువ కూడా తిరుగుతుంది. ఆ వేగంలో ఒక పక్క వార్నిష్ చుక్క ఎక్కువైనా మిషన్ వణికి బేరింగులు తినేస్తుంది. చుట్టాక బ్యాలెన్స్ చేసే యంత్రం ఆయన దగ్గర ఉందేమో అడగండి, ఉండదు. దానికన్నా మోటారు మొత్తం ఎత్తు, ఫ్యాను గిన్నె వ్యాసం కొలిచి, ఆ కొలతకి దొరికే కొత్త మోటారు వేయడం మేలు. వాట్లు పాతదానికి దగ్గరగా ఉండాలి. వెయ్యి వాట్ల చోట రెండువేలది పెడితే పాత స్విచ్చు, వైరు కాలిపోతాయి.

ప్రశ్న: డల్లాస్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో ఎలక్ట్రోలక్స్ దొరికింది, 30 డాలర్లు. పడవలా పొడుగ్గా, కింద చక్రాల బదులు స్లెడ్జిలా రెండు పట్టాలు, ముందు రోమన్ అంకెల్లో మూడు ఎక్స్‌లు. వైరుకి గుడ్డ తొడుగు ఉంది. తెనాలిలో మా నాన్నగారికి ఇలాంటి పాత వస్తువులంటే ప్రాణం. సూట్‌కేసులో పెట్టి తీసుకురానా? ప్లగ్గు మార్చే అడాప్టర్ ఉంది.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అమ్మా, మంచి వస్తువే పట్టారు. అది 1937లో వచ్చిన మోడల్ 30, రూపం దిద్దింది లురెల్ గిల్డ్ అనే డిజైనర్. కానీ ఆ అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. 120 వోల్టుల మిషన్ని తెనాలిలో 230కి పెడితే మోటారు పిచ్చెక్కినట్టు తిరిగి, నాన్నగారు ముచ్చటగా చూస్తుండగానే కాలిపోతుంది. అక్కడ 60 హెర్ట్‌జ్, ఇక్కడ 50 కదా అని కూడా చాలామంది అడుగుతారు, దాని గురించి బెంగ వద్దు, ఈ కార్బన్ల మోటారు డీసీ మీద కూడా తిరుగుతుంది.

ఇక్కడ నడపాల్సిందే అంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. రేకు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో 120తో హెచ్చవేయండి, వచ్చినదానికి రెట్టింపు కొనండి, ఎందుకంటే స్టార్టింగులో ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. 5 ఆంపియర్లు అంటే 600 వాట్లు, 1200 వీఏ ట్రాన్స్‌ఫార్మర్. పెద్దాయన ఆ బరువు గది గదికీ మోసుకుంటూ తిరగాలి. నన్నడిగితే అక్కడే బాగుచేసుకుని అక్కడే నడపండి, నాన్నగారు వచ్చినప్పుడు ఆయన చేతికివ్వండి. లేదా ఇక్కడికి తెచ్చి ప్లగ్గు కత్తిరించేసి షోకేసులో పెట్టండి.

ఇంకో మాట. పైన ఉప్పల్ పాఠకుడికి చెప్పింది మీకు తిరగబడుతుంది. అక్కడ గోడ నుంచి గోడకి కార్పెట్టు, వారానికి రెండుసార్లయినా తిప్పి ఉంటారు, కాబట్టి మోటారు కూడా అరిగి ఉంటుంది. కమ్యుటేటర్ మీద కార్బన్లు గాడి పెట్టాయేమో వేలిగోరుతో తడిమి చూడండి. ఆ గుడ్డ వైరు అందంగా ఉందని అలాగే ప్లగ్గు పెట్టకండి, లోపలి రబ్బరు పొడిపొడిగా రాలుతుంటుంది. పాత ల్యాంపుల సామాను అమ్మేచోట గుడ్డ తొడుగున్న కొత్త వైరు దొరుకుతుంది, 18 గేజ్ కన్నా సన్నది మాత్రం తీసుకోకండి.

మీతోపాటు రాసిన న్యూజెర్సీ పాఠకుడికి: మీ దగ్గర ఉన్న కిర్బీలాంటి నిలబెట్టి తోసే మిషన్లలో చెత్త ముందు ఫ్యానుకి తగిలి, ఆ తర్వాతే సంచిలోకి పోతుంది. నాణెం, మేకు, రాయి పీల్చిందంటే ఫ్యాను రెక్క విరుగుతుంది. కొనేముందు బెల్టు మూత తీసి టార్చి వేసి రెక్కలు లెక్కపెట్టండి. బెల్టు కొత్తగా కనిపించినా మార్చేయడమే.

ప్రశ్న: తాతగారి మిషన్‌కి కొత్త రంగు వేయించాలని ఉంది. కారు పెయింటు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేయొచ్చు, కానీ ఎందుకు? ముందు సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, కారుకి వాడే రబ్బింగ్ కాంపౌండ్ కొంచెం ఒక మూల రాసి చూడండి. మాసిపోయిందనుకున్న రంగు చాలాసార్లు కిందే ఉంటుంది. మీది సముద్రం పక్క ఊరు, క్రోమ్ మీద తుప్పు చుక్కలు ఉంటాయి. అల్యూమినియం ఫాయిల్ ముక్కను ఉండచేసి నీళ్లలో ముంచి రుద్దండి, పోతాయి. స్టీలు పీచు వద్దు. నల్లటి బేకలైట్ పిడికి థిన్నర్ తగలనీయకండి, మెటల్ పాలిష్ గుడ్డ మీద వేసి తుడిస్తే చాలు. తాతగారి చెయ్యి పట్టుకున్న చోట పిడి కాస్త అరిగి ఉంటుంది కదా, దాన్ని నేనైతే ముట్టుకోను.

ప్రశ్న: పిల్లకి ఆస్తమా. పాత గుడ్డ సంచి మిషన్ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పిల్ల ఇంట్లో ఉండగా వద్దు. గుడ్డ సంచి కంటికి కనిపించే దుమ్మును ఆపుతుంది, కనిపించనిదాన్ని వెనకనుంచి గదంతా చల్లుతుంది, ఊపిరికి ఇబ్బంది రెండోదానితోనే. హెపా ఫిల్టరు అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపాలి, ఏ గుడ్డా ఆ దరిదాపులకి రాదు. పాత మిషన్ వెనక హెపా ముక్క అంటించుకునేవాళ్లున్నారు, సందుల్లోంచి గాలి దాటిపోతుంటే దానివల్ల లాభం లేదు. ఈ ఒక్క విషయంలో కొత్తదే కొనండి.

ప్రశ్న: మా అత్తగారు "చీపురుని మించింది లేదు" అంటారు. ఈ మిషన్ అసలు ఎవరికి, ఎందుకు తోచింది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నేల వరకు అత్తగారి మాటే రైటు. పరుపు, సోఫా సందులు, పుస్తకాల అర, కిటికీ దోమల మెష్ దగ్గర మాత్రం చీపురు దుమ్మును ఇక్కణ్నుంచి అక్కడికి మారుస్తుందంతే. తోచింది లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరుకి, 1901లో. అప్పటికి గాలి ఊది దుమ్ము లేపే మిషన్లున్నాయి, ఊదే బదులు పీల్చొచ్చు కదా అనిపించి ఆయన ఒక హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, దానికి నోరు ఆనించి గట్టిగా పీల్చాడట. రుమాలు అవతలి వైపు దుమ్ము మరక కనిపించింది. ఆయన చేసిన మిషన్ గుర్రబ్బండి మీద వీధిలో ఆగేది, కిటికీల్లోంచి పొడుగాటి పైపులు లోపలికి వచ్చేవి. మనింటికి వచ్చిన టై కుర్రాడు చూపించింది ఆ రుమాలు సంగతే.

ప్రశ్న: నాన్న కొన్న సెట్టు డబ్బాలో ఒక ప్లాస్టిక్ సీసా, దాని మీద తుపాకీలా ఒక ముక్క ఉన్నాయి. ఎందుకో ఎవరికీ తెలియట్లేదు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: స్ప్రే గన్ అది. పైపును మిషన్ ముందు నుంచి తీసి వెనక, గాలి బయటికొచ్చే వైపు తగిలించండి, చివర ఈ ముక్క పెట్టండి, సీసాలోది తుంపరగా పడుతుంది. మొక్కలకి నీళ్లు కొట్టుకోండి, సున్నం పల్చగా కలిపి వడగట్టి గోడకి కొట్టుకోండి. థిన్నర్ కలిపిన పెయింటు, కిరోసిన్ మందులు మాత్రం పోయొద్దు, ఆ వెనక నిప్పురవ్వలతో తిరిగే మోటారు ఉంది. వాడేముందు సంచి దులిపి పెట్టండి, లేకపోతే మొదటి తుంపరలో నాన్నగారి కాలం నాటి దుమ్ము వస్తుంది.